గార్డెన్ ట్రాక్టర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్: ఏ రకం తీసుకోవాలి, ఎక్కడ బిగించాలి

గార్డెన్ ట్రాక్టర్‌లో పాత ఫ్యూయల్ పంప్ పోయాక చాలామంది ఒకే దగ్గర ఆగిపోతారు. అదే రకం మళ్ళీ వేసుకోవాలా, ఎలక్ట్రిక్‌కి మారిపోవాలా, మారితే ఏది కొనాలి అని. వెతికితే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే చదరపు పంప్ దగ్గర్నుంచి రేసు కార్లకి వాడేదాని దాకా అన్నీ ఒకే చోట కనిపిస్తాయి, అన్నీ 12 వోల్ట్‌లే, అన్నిటికీ రెండు గొట్టాలు రెండు వైర్లే, అందుకని గంటకి ఎక్కువ లీటర్లు ఇచ్చేదే మంచిదేమో అనుకుని పెద్దది కొనేస్తారు. కొన్నాక కార్బురేటర్ పొంగడం మొదలవుతుంది, ఇంకా దారుణంగా ఉంటే పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోతుంది.

నేను చెప్పేది రెండు ముక్కల్లో ఇదీ: ప్రెషర్ ఎంత తక్కువుంటే అంత మంచిది, ఇంజన్ ఆగితే పంప్ కూడా ఆగి తీరాలి. ఈ రెండిట్లో రాజీ పడకపోతే మిగతావి ఎలాగైనా సర్దుకోవచ్చు.

ఇదంతా కార్బురేటర్ ఉన్న పెట్రోల్ ఇంజన్ల గురించి. మీది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ అయితే దాని పంప్ వేరే, కంపెనీ చెప్పిన పార్టే వేయాలి. చిన్న డీజిల్ ట్రాక్టర్లలో చాలావాటికి ట్యాంక్ నుంచి డీజిల్‌ని ఇంజన్ దాకా ఎత్తే ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంప్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, అక్కడ కూడా అసలు పార్ట్ ప్రెషర్‌కి సరిపడేదే చూసుకోవాలి.

ముందు పంపే పోయిందని రూఢి చేసుకోండి

పెట్రోల్ అందట్లేదంటే అందరూ పంప్‌నే అనుమానిస్తారు కానీ దాని తప్పు లేకుండా మార్చేసిన పంపులు బోలెడు. ఇంజన్ పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచి, తర్వాత దగ్గి దగ్గి ఆగిపోయి, కాసేపాగి సెల్ఫ్ కొడితే మళ్ళీ అందుకుంటోందంటే ముందు ట్యాంక్ మూత చూడండి. మూతలో గాలి లోపలికి వెళ్ళే సన్న రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంక్‌లో వ్యాక్యూమ్ ఏర్పడుతుంది, అప్పుడు ఏ పంప్ వేసినా లాగలేదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి, "స్స్" అని గాలి పీల్చిన చప్పుడు వచ్చి ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే దొరికినట్టే. మూత తీసినా తేడా లేకపోతే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి పోతోందేమో కూడా చూడాలి, ఆ లక్షణం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

తర్వాత ఫిల్టర్, ట్యాంక్ లోపలి జల్లెడ, పాత రబ్బర్ పైపు. ఈ పైపు బయటికి బాగానే కనిపిస్తూ లోపల పొరలు ఊడి మూసుకుపోతుంది, లేదా సన్నగా పగిలి గాలి పీలుస్తుంది. గాలి పీల్చే పగులు బయటికి కారదు కాబట్టి కంటికి దొరకదు, అనుమానం ఉంటే మార్చేయడమే.

మీది పల్స్ పంప్ అయితే, అంటే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే గది) నుంచి సన్న పైపు ద్వారా వచ్చే గాలి కొట్టుడుతో పనిచేసేది అయితే, ఆ పల్స్ పైపు, ఇంజన్ బ్రీతర్ (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే వాల్వ్) కూడా చూడండి. పైపు పగిలినా, బ్రీతర్ పాడైనా పల్స్ బలహీనపడుతుంది, పంప్‌లో లోపం లేకపోయినా పెట్రోల్ ఎత్తదు.

ఇవన్నీ బాగానే ఉంటే కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, దాన్ని ఒక సీసాలో పెట్టి, స్పార్క్ ప్లగ్ వైర్లు తీసి ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టండి. పెట్రోల్ విడతలు విడతలుగా బలంగా పడాలి. రెండు మూడు చుక్కలు కారి ఆగిపోతుంటే అప్పుడు పంప్ పోయినట్టు. ఈ పని ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో మంట నిప్పు లేకుండా చేయాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు ప్రెషర్. కార్బురేటర్ గిన్నెలో ఫ్లోట్ తేలుతూ ఒక చిన్న నీడిల్‌ని పైకి నొక్కి పెట్రోల్ దారి మూస్తుంది. ఆ నీడిల్‌ని మూసి ఉంచే బలమంతా ఆ చిన్న ఫ్లోట్ తేలే బలమే. పంప్ దానికన్నా గట్టిగా తోస్తే నీడిల్ తెరుచుకుని పెట్రోల్ పొంగుతుంది. గార్డెన్ ట్రాక్టర్ కార్బురేటర్లకి 1 నుంచి 3 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) చాలు, 4 దాటితే పొంగే ప్రమాదం మొదలవుతుంది. ఎంత తక్కువతో పనైపోతుందో తెలియాలంటే ఈ లెక్క చూడండి: ఒక మీటర్ ఎత్తున్న పెట్రోల్ తన బరువుతో ఇచ్చే ప్రెషర్ సుమారు 1 పీఎస్ఐ. ట్యాంక్ కార్బురేటర్ కన్నా 30 సెంటీమీటర్లు పైనుండి, పంప్ అనేదే లేకుండా నడిచే ఇంజన్లు 0.3 పీఎస్ఐతోనే ఏళ్ళ తరబడి హాయిగా నడుస్తున్నాయి. అలాంటి చోట 7 పీఎస్ఐ పంప్ తెచ్చి పెట్టడంలో అర్థమే లేదు.

ఫ్లో గురించి అసలు బెంగ పెట్టుకోకండి. 20 హార్స్‌పవర్ ఇంజన్ ఫుల్ లోడ్‌లో గంటకి ఇంచుమించు 7 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 120 మిల్లీలీటర్లు. చిన్న చదరపు పంప్ కూడా గంటకి 90 లీటర్ల దాకా ఇవ్వగలదు. డబ్బా మీద ఫ్లో అంకె ఎంత పెద్దదైనా మీకు ఒరిగేదేం లేదు.

ఇక ఇంజన్ ఆగినప్పుడు ఏమవుతుందన్నది. ఇంజన్ తిప్పే లీవర్‌తో నడిచే మెకానికల్ పంప్, పల్స్ పంప్ ఇంజన్‌తో పాటే ఆగుతాయి. ఎలక్ట్రిక్ పంప్‌కి ఇంజన్ తిరుగుతోందో లేదో తెలీదు, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది. పైపు ఊడిపోయినా, బండి బోల్తా పడినా, ఫ్లోట్ నీడిల్ కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా అది ఆగదు. దీనికి మందు వైరింగ్‌లో ఉంది, కింద వివరంగా చెప్తాను.

దీనికి దగ్గరిదే వాల్వుల సంగతి. మీ ట్యాంక్ కార్బురేటర్ కన్నా ఎత్తులో ఉంటే, పంప్ ఆపినా పెట్రోల్ దానిలోంచి తనంతట తానే జారుతూ ఉంటుంది, కాబట్టి ఆపగానే దారి పూర్తిగా మూసేసే షటాఫ్ వాల్వ్ ఉన్న మోడల్ తీసుకోండి లేదా ట్యాంక్ కింద చేత్తో తిప్పే వాల్వ్ పెట్టుకోండి. ట్యాంక్ కిందుంటే దీనికి తిరగబడి ఉంటుంది కథ, లైన్‌లో పెట్రోల్ వెనక్కి జారిపోకుండా చెక్ వాల్వ్ ఉన్నది కావాలి. ఒకే ఆకారంలో ఉన్న పంపుల్లోనే ఈ వాల్వులు ఉన్నవీ లేనివీ రెండూ వస్తాయి, చూసి కొనండి.

కరెంట్ సంగతి చాలామంది మర్చిపోతారు. చదరపు పంప్ ఒకటి ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది. మీ ఇంజన్‌కి 15 ఆంపియర్ ఛార్జింగ్ ఉంటే అది లెక్కలోకే రాదు. కానీ కొన్ని పాత బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లలో లైట్లకి వేరే లైను పోను బ్యాటరీకి వచ్చేది 3 ఆంపియర్లే, అలాంటి చోట పంప్ దాదాపు సగం తినేస్తుంది, మాటిమాటికీ సెల్ఫ్ కొట్టే అలవాటుంటే బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. పైగా ఇంతకుముందు ఛార్జింగ్ పోయినా బండి ఇంటికి వచ్చేది, ఇప్పుడు బ్యాటరీ చస్తే పంప్ ఆగుతుంది, ఇంజనూ ఆగుతుంది.

ఉన్న దారులు

| రకం | ప్రెషర్ | ఇంజన్ ఆగితే | నా మాట |
|---|---|---|---|
| పల్స్ లేదా మెకానికల్ పంప్ | తక్కువ, ఆ ఇంజన్‌కి సరిపడా | తనే ఆగుతుంది | కొత్త పార్ట్ దొరికితే మొదటి ఎంపిక |
| చదరపు సోలినాయిడ్ (కరెంట్ కాయిల్‌తో ఆడే) పంప్, తక్కువ ప్రెషర్‌ది | 1.5 నుంచి 4 పీఎస్ఐ | వైరింగ్‌తో ఆపాలి | ఎలక్ట్రిక్‌కి మారేవాళ్ళలో ఎక్కువమందికి ఇదే |
| గొట్టం ఆకారం సోలినాయిడ్ పంప్ | మోడల్‌ని బట్టి, తక్కువవీ ఉంటాయి | వైరింగ్‌తో ఆపాలి | రోజూ గంటల తరబడి పనిచేసే బండికి |
| రోటరీ వేన్ (లోపల రెక్కలు తిరిగే) పంప్ | సాధారణంగా 4 పైనే | వైరింగ్‌తో ఆపాలి, రెగ్యులేటర్ తప్పనిసరి | చేతిలో ఊరికే ఉన్నా వద్దంటాను |
| ఇంజెక్షన్ పంప్ | 40 నుంచి 60 పీఎస్ఐ | | అసలు దగ్గరికే రానివ్వకండి |

*పాత రకమే మళ్ళీ వేయడం.* మీ ఇంజన్‌కి కొత్త పల్స్ పంప్ గానీ మెకానికల్ పంప్ గానీ దొరుకుతోంది, ఇంజన్ లోపల అంతా బాగుంది అంటే అదే వేసుకోండి, ఎలక్ట్రిక్ కోసం ఇంత దూరం రానక్కర్లేదు. వైరింగ్ లేదు, ఫ్యూజ్ లేదు, ఇంజన్‌తో పాటు ఆగుతుంది. దీనిలో ఉన్న ఒకే పెద్ద లోపం డయాఫ్రమ్. లోపలి రబ్బరు చిరిగితే పెట్రోల్ క్రాంక్‌కేస్‌లోకి దారి చూసుకుంటుంది. అందుకే డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ మట్టం పెరిగినట్టున్నా, వేలితో రుద్దితే నీళ్ళలా పల్చగా ఉన్నా, పెట్రోల్ వాసనొచ్చినా ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఆయిల్ మార్చి, కారణం తేల్చాకే.

మరి ఎప్పుడు మారాలి? పాత కోహ్లర్ కె సిరీస్ లాంటి ఇంజన్లలో పంప్ లీవర్ క్యామ్‌షాఫ్ట్ మీద ఆనుకుని పనిచేస్తుంది, ఆ లీవరో పంప్ బిగించే చోటో అరిగిపోతే, లేదా సరైన పార్ట్ దొరకకపోతే ఎలక్ట్రిక్ న్యాయమైన దారే. వేసవిలో వేడికి లైన్‌లో పెట్రోల్ ఆవిరై బండి మొండికేస్తున్నా మారడంలో అర్థం ఉంది, ట్యాంక్ దగ్గర నుంచి తోసే పంప్ ఆ బాధని బాగా తగ్గిస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండికి ఇంకో లాభం, గిన్నె ఎండిపోయినా తాళం తిప్పి కొన్ని సెకన్లు ఆగితే నిండుతుంది, పెట్రోల్ వచ్చేదాకా సెల్ఫ్ కొడుతూ బ్యాటరీని చంపుకోనక్కర్లేదు.

*చదరపు సోలినాయిడ్ పంప్.* ఫేసెట్ కంపెనీ ఈ ఆకారానికి పేరు తెచ్చింది, తర్వాత అదే రూపంలో ఎన్నో కంపెనీలవి వచ్చాయి. లోపల కాయిల్ ఒక ప్లంజర్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది, "టక్ టక్" అని చప్పుడొస్తుంది. ఆ చప్పుడే మంచి మీటర్: గిన్నె నిండి నీడిల్ మూసుకుంటే టక్‌టక్ నెమ్మదిస్తుంది, ట్యాంక్ ఖాళీ అయినా ఎక్కడో గాలి పీలుస్తున్నా వేగంగా గలగలలాడుతుంది. తనంతట తానే పెట్రోల్ లాక్కోగలదు, కరెంట్ తక్కువ, బరువు తక్కువ, రెండు బోల్టులతో ఎక్కడైనా కూర్చుంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఒకటే, ఒకే బాడీతో 1.5 నుంచి 4 పీఎస్ఐది, 4 నుంచి 7 పీఎస్ఐది రెండూ వస్తాయి. బయటికి తేడా తెలీదు. పేరులేని పంపుల మీద రాసిన అంకెని నేనైతే నమ్మను, ఒక చిన్న ప్రెషర్ గేజ్‌ని టీ జాయింట్‌తో పెట్టి కొలిచాకే కార్బురేటర్‌కి కలపమంటాను. కొలవాల్సింది అవతలి చివర పూర్తిగా మూసినప్పుడు వచ్చే ప్రెషర్, ఎందుకంటే పని చేస్తున్నంతసేపూ నీడిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, దాని మీద పడేది ఆ ప్రెషరే. గేజ్ 0 నుంచి 15 పీఎస్ఐ లోపుది ఉండాలి, టైర్ల గేజ్‌లో ఇంత చిన్న ప్రెషర్ సరిగ్గా కనపడదు.

*గొట్టం ఆకారం సోలినాయిడ్.* లోపల పనిచేసే తీరు అదే, కాకపోతే కాస్త పెద్దది, కొన్నిట్లో కింద మూత విప్పి జల్లెడ కడుక్కునే వీలుంటుంది. వాల్వులు ఉన్న మోడల్ దొరకడం కూడా వీటిలో తేలిక. కింద చోటు ఉండి, బండితో రోజూ పని ఉంటే దీనికి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు. అప్పుడప్పుడూ గడ్డి కోసుకునే బండికి చదరపుది చాలు.

*రోటరీ వేన్ పంప్.* కార్ల కార్బురేటర్ ఇంజన్లకి బాగా నడుస్తుంది. ఇక్కడ మాత్రం అన్నీ ఎదురే. ప్రెషర్ ఎక్కువ కాబట్టి రెగ్యులేటర్ పెట్టాలి, పైకి లాక్కోలేదు కాబట్టి ట్యాంక్ కన్నా కిందే ఉండాలి, ఇసుక రేణువు పడితే వేన్లు గీరుకుపోతాయి, ఖాళీగా తిరిగితే త్వరగా అరుగుతుంది, కరెంట్ ఎక్కువ, రొద ఎక్కువ. చవకగా దొరికే డయల్ రెగ్యులేటర్లు ఇంత తక్కువ ప్రెషర్ దగ్గర నిలకడగా ఉండవు, 2 మీద పెట్టినది ఫ్లో ఆగాక మెల్లగా పైకి పాకుతుంది. రెగ్యులేటర్ మీద ఆధారపడేకన్నా పుట్టుకతోనే తక్కువ ప్రెషర్ ఉన్న పంప్ తెచ్చుకోవడం మేలు.

మీ దగ్గర ఉన్న పంప్ ప్రెషర్ కొద్దిగానే ఎక్కువుందనుకోండి, 5 లాగ, అప్పుడు పంప్ తర్వాత టీ పెట్టి మిల్లీమీటర్ లాంటి సన్న రంధ్రం ద్వారా కొంత పెట్రోల్‌ని ట్యాంక్‌కి తిప్పి పంపే పద్ధతి ఒకటుంది. ప్రెషర్ దిగుతుంది, లైన్ చల్లగా ఉంటుంది, ఆవిరి కూడా వెళ్ళిపోతుంది. దానికి ట్యాంక్‌లో ఇంకో రంధ్రం కావాలి, ఇంకో పైపు, ఇంకో నాలుగు జాయింట్లు. మళ్ళీ గేజ్ పెట్టి చూసుకోవాలి. ఆవిరి బాధ బాగా ఉన్నవాళ్ళకి తప్ప అంత శ్రమ అక్కర్లేదు.

మీ పరిస్థితికి ఏది

ప్రెషర్‌తో ఆయిల్ తిరిగే ట్విన్ సిలిండర్ ఇంజన్, 15 ఆంపియర్ ఛార్జింగ్ ఉంటే తక్కువ ప్రెషర్ సోలినాయిడ్ పంప్, దానికి ఆయిల్ ప్రెషర్ స్విచ్. కళ్ళు మూసుకుని వేసుకోవచ్చు.

పాత సింగిల్ సిలిండర్, ఆయిల్‌ని చిమ్మి పూసే రకం అయితే ఆయిల్ ప్రెషర్ అనేదే ఉండదు, ఆ స్విచ్ దారి మీకు లేదు. ఇక్కడ పంప్ ఎంపిక అదే, ఆపే ఏర్పాటు మాత్రం వేరేలా చేసుకోవాలి, షటాఫ్ వాల్వ్ ఉన్న మోడల్‌కే వెళ్ళండి.

ఛార్జింగ్ 3 ఆంపియర్లే ఉండి, చీకట్లో కూడా పని చేసేవాళ్ళైతే పల్స్ పంపో మెకానికల్ పంపో బాగు చేయించుకోవడమే మంచిది. ఏటవాలు నేలమీద తిరిగేవాళ్ళు బోల్తా పడితే కరెంట్ కట్ చేసే టిల్ట్ స్విచ్ తప్పకుండా పెట్టించుకోండి, ఏ ఎలక్ట్రిక్ పంప్ వేసినా సరే. వైరింగ్ జోలికి వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళకి నా సలహా మొహమాటం లేకుండా ఒకటే, ఎలక్ట్రిక్ వద్దు. పంప్ బిగించి, ఆపే ఏర్పాటు తర్వాత చూద్దాంలే అని వదిలేసే సగం పని మంచిది కాదు.

ఎక్కడ, ఎలా బిగించాలి

ఎలక్ట్రిక్ పంప్ తోయడంలో గట్టిది, లాగడంలో అంత కాదు. అందుకే ట్యాంక్‌కి దగ్గరగా, వీలైతే ట్యాంక్ అడుగు మట్టానికి లేదా ఇంకాస్త కిందికి పెట్టాలి. పాత పంప్ ఇంజన్ మీద ఉండేది కదా అని అక్కడే పెట్టేవాళ్ళు ఎక్కువ, చోటు కుదురుతుంది కాబట్టి. కానీ అక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఇంజన్ వేడి పంప్‌కి తగులుతుంది, ఆపైన ట్యాంక్ నుంచి అక్కడిదాకా లైన్ అంతా లాగే వైపు అవుతుంది. లాగే వైపు ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గితే పెట్రోల్ ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. అదే తోసే వైపు అయితే ప్రెషర్ వల్ల ఆవిరవడం కష్టం. ఒకే పంప్, ఒకే వేడి, పెట్టిన చోటుని బట్టి ఒకడి బండి నడుస్తుంది, ఇంకొకడిది మధ్యాహ్నం ఆగిపోతుంది.

సైలెన్సర్‌కి, ఇంజన్ ఫ్యాన్ వేడి గాలి బయటికి కొట్టే దారికి పంప్‌నీ పైపునీ దూరంగా ఉంచండి, కనీసం జానెడు. అంత దూరం కుదరకపోతే మధ్యలో రేకు ముక్క అడ్డుపెట్టండి. గడ్డి కత్తుల బెల్టు, స్టీరింగ్ రాడ్ కదిలే దారి, కాలు పెట్టే చోటు, ఇవి చేత్తో కదిపి చూసుకోవాలి, ఆగి ఉన్నప్పుడు ఖాళీగా కనిపించిన చోటు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఖాళీగా ఉండదు.

చదరపు పంప్‌ని బయటికి పోయే మూతి పైకి ఉండేలా నిలువుగా గానీ కాస్త వాలుగా గానీ బిగిస్తే లోపల గాలి బుడగలు చిక్కుకోవు. ఛాసిస్‌కి నేరుగా కాకుండా రబ్బర్ బుష్‌ల మీద పెడితే టక్‌టక్ ఇనుమంతా మోగదు. కాకపోతే రబ్బర్ మీద పెట్టాక బాడీకి ఎర్త్ ఉండదు, బాడీ ద్వారానే ఎర్త్ తీసుకునే మోడల్ అయితే విడిగా ఒక వైర్ లాగి బ్యాటరీ నెగెటివ్‌కో ఇంజన్ బ్లాక్‌కో కలపాలి. పెయింట్ మీద బోల్టు బిగించి ఎర్త్ వచ్చిందనుకోకండి.

ఫిల్టర్లు రెండు. పంప్‌కి ముందు జల్లెడ లాంటి ముతక ఫిల్టర్, పంప్‌కి కార్బురేటర్‌కి మధ్య సన్న కాగితపు ఫిల్టర్. సన్నదాన్ని ముందు పెడితే అది కొద్దిగా పట్టేసినా పంప్‌కి లాగడం కష్టమైపోతుంది. పారదర్శకంగా ఉండే ఫిల్టర్ సగమే నిండి కనిపించినా కంగారు పడక్కర్లేదు, లాగే వైపు అది మామూలే.

పైపు పెట్రోల్ కోసం చేసినదే వాడండి, మీద ఎస్ఏఈ జె30 ఆర్7 అని రాసి ఉంటుంది. నీళ్ళ పైపు, పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వద్దు, పెట్రోల్‌కి, అందులో కలిపే ఇథనాల్‌కి గట్టిపడి పగులుతాయి. పైపు లోపలి సైజు, పంప్ మూతి సైజు ఒకటేనా చూసుకోండి, 6 మిల్లీమీటర్ల మూతికి 8 మిల్లీమీటర్ల పైపు ఎక్కించి క్లిప్పుతో నలిపి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు గాలి పీలుస్తుంది. క్లిప్పుల్లో అంచు బయటికి మడిచినవి మంచివి, గాట్లు ఉన్న పట్టీ రబ్బరులోకి కోసుకుపోతుంది. మర ఉన్న జాయింట్లకి తెల్ల టేపు చుట్టకండి, దాని పోగు ఒక్కటి ఊడి వెళ్ళి నీడిల్ కింద కూర్చుంటే చాలు, కార్బురేటర్ పొంగుతుంది. పెట్రోల్‌కి తట్టుకునే ద్రవం సీలెంట్ వాడండి.

పాత పంప్‌ని లైన్‌లో వదిలేసి దాని వెనక ఎలక్ట్రిక్ పంప్ కలపడం చాలాచోట్ల చూస్తుంటాం, దయచేసి అలా చేయకండి. పాత డయాఫ్రమ్ చిరిగిన రోజు ఎలక్ట్రిక్ పంప్ ఆ చిరుగులోంచి క్రాంక్‌కేస్‌లోకి ఆపకుండా పెట్రోల్ తోస్తుంది. మెకానికల్ పంప్ విప్పేసి ఆ రంధ్రానికి గ్యాస్కెట్ వేసి ప్లేట్ బిగించండి. పల్స్ పంప్ అయితే ఇంజన్ వైపున్న పల్స్ మూతిని గట్టిగా మూసేయాలి, తెరిచి ఉంచితే అందులోంచి ఆయిల్ చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది.

వైరింగ్: అసలు ప్రాణం ఇక్కడే

మొదట బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పాజిటివ్ వైర్‌లో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజ్, చదరపు పంప్‌కి 3 నుంచి 5 ఆంపియర్లది సరిపోతుంది. ఇంత తక్కువ కరెంట్‌కి రిలే తప్పనిసరి కాదు, తాళం స్విచ్ పాతబడి ఉంటే పెట్టుకోండి.

పంప్‌కి కరెంట్ ఎక్కడ్నుంచి తీయాలన్నదే పెద్ద ప్రశ్న. ట్రాక్టర్లలో ఇగ్నిషన్ రెండు రకాలు. బ్యాటరీతో కాయిల్ నడిచే పాత రకంలో కాయిల్‌కి 12 వోల్ట్ వెళ్తుంది, ఆ వైర్ నుంచే పంప్ తీసుకోవచ్చు, సీట్ మీంచి లేచినప్పుడు సీట్ స్విచ్ కాయిల్ సప్లై కట్ చేస్తే పంప్ కూడా దాంతో పాటే ఆగుతుంది. మాగ్నెటో రకంలో, అంటే బ్యాటరీతో పని లేకుండా ఇంజన్ తిరుగుడుతోనే స్పార్క్ పుట్టే దానిలో, తాళం స్విచ్ మీద ఎమ్ అని రాసిన టెర్మినల్ ఇంజన్‌ని ఆపడానికి ఎర్త్ చేసేది. దానికి ఎట్టి పరిస్థితుల్లో 12 వోల్ట్ తగలనివ్వకండి, తగిలితే ఇగ్నిషన్ మాడ్యూల్ కాలిపోతుంది. కార్బురేటర్ గిన్నె కింద పెట్రోల్ ఆపే సోలినాయిడ్ ఉంటే దాని వైర్‌కి తాళం ఆన్‌లో 12 వోల్ట్ వస్తుంది, అక్కణ్ణుంచి తీసుకోవడం తేలిక. మీటర్ పెట్టి, తాళం ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో 12, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా కరెంట్ ఉందా చూశాకే కలపండి.

మాగ్నెటో బండ్లలో సీట్ మీంచి లేస్తే సీట్ స్విచ్ స్పార్క్‌ని మాత్రమే చంపుతుంది, తాళం ఆన్‌లోనే ఉంటుంది, పంప్ టక్‌టక్ మంటూనే ఉంటుంది. అందుకే ఆయిల్ ప్రెషర్ ఉన్న ఇంజన్లకి ప్రెషర్ వస్తేనే కలిసే స్విచ్‌ని పంప్ లైన్‌లో పెట్టమంటున్నాను. ఇంజన్ ఆగితే ప్రెషర్ పడుతుంది, పంప్ ఆగుతుంది, తాళం ఎక్కడున్నా సంబంధం లేదు. ఇంజన్ మీద ఇప్పటికే ఉన్న ఆయిల్ లైట్ స్విచ్‌ని దీనికి వాడకండి, అది మామూలుగా తిరగబడి పనిచేస్తుంది, ప్రెషర్ లేనప్పుడు కలుస్తుంది. పంప్ కోసం చేసినదే తీసుకోవాలి. స్టార్ట్ ఎలా అవుతుందంటే, కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్‌తో ఇంజన్ అందుకుంటుంది, ఆలోగా ఆయిల్ ప్రెషర్ వచ్చి పంప్ కలుస్తుంది. చాన్నాళ్ళు నిలబెట్టి గిన్నె ఎండిపోయిన రోజు కోసం, నొక్కినంతసేపే పనిచేసే చిన్న బటన్ ఒకటి ఆ స్విచ్‌కి ప్యారలల్‌గా, అంటే స్విచ్ కలవకపోయినా పంప్‌కి కరెంట్ వెళ్ళేలా, కలుపుకోండి.

ఆయిల్ ప్రెషర్ లేని ఇంజన్లకి టిల్ట్ స్విచ్, షటాఫ్ వాల్వ్ ఉన్న పంప్, డ్యాష్ మీద పంప్ ఆన్‌లో ఉన్నంతసేపూ వెలిగే చిన్న లైట్. ఆ లైట్ వెలుగుతుంటే తాళం ఆపకుండా బండి దిగరు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

కార్బురేటర్‌కి కలపక ముందే పైపు చివర కొలత గీతలున్న సీసాలో పెట్టి ఒక నిమిషం పంప్ నడపండి. అర లీటర్ పైన వస్తే ఎంత పెద్ద గార్డెన్ ట్రాక్టర్‌కైనా మిగులే. బుడగలు ఆగకుండా వస్తుంటే లాగే వైపు ఏదో జాయింట్ గాలి పీలుస్తోంది. తర్వాత గేజ్ పెట్టి ప్రెషర్ చూసుకుని, 4 లోపు ఉంటేనే కార్బురేటర్‌కి కలపండి.

కలిపాక ఇంజన్ స్టార్ట్ చేయకుండా పంప్ మాత్రం ఆన్ చేసి అయిదు నిమిషాలు వదలండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్నవాళ్ళు ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి. టక్‌టక్ నెమ్మదించి అలాగే నిలబడాలి, కార్బురేటర్ గొంతులో తడి కనిపించకూడదు, కింద చుక్క పడకూడదు. పొంగితే పంప్‌ని తిట్టకముందు ఫ్లోట్ నీడిల్ తీసి చూడండి, తక్కువ ప్రెషర్ పాత పంప్‌తో ఎలాగో నెట్టుకొచ్చిన అరిగిన నీడిల్ కొత్త పంప్ దగ్గర బయటపడుతుంది. పొంగిన పెట్రోల్ సిలిండర్‌లోకి చేరి ఉండొచ్చు అనిపిస్తే ప్లగ్ తీయకుండా సెల్ఫ్ కొట్టకండి, ద్రవం నొక్కుడు పడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

మొదటి గంట పని అయ్యాక ఇంజన్ చల్లారనిచ్చి క్లిప్పులన్నీ ఒకసారి బిగించండి, ముతక ఫిల్టర్‌లో ట్యాంక్ తుక్కు చేరిందేమో చూడండి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం స్టార్ట్ చేసే ముందున్న గీత దగ్గరే ఉందో లేదో, వాసన ఎలా ఉందో చూడండి. గీత కొంచెం పైకి వచ్చినా ఆ రోజుకి బండి పక్కన పెట్టి పెట్రోల్ ఎక్కడ్నుంచి దిగుతోందో వెతకాలి.